నాలుగు తీగలా, మూడు తీగలా: బాబాయి కట్టిన యాంప్లిఫైయర్‌ను విప్పించాలా?

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్ వాడతారు. దాన్ని నడిపే యాంప్లిఫైయర్‌ను ఆమె బాబాయి స్వయంగా కట్టి ఇచ్చారు. రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేస్తూ జీవితం గడిపిన మనిషి ఆయన. ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సరఫరా మీద నడిచే సింగిల్ ఎండెడ్ డిజైన్ అది, అంటే ఒక్కో చెవికి ఒక తీగలో మాత్రమే సిగ్నల్ కదిలే రకం. లోపల తీగలు ఒక్కొక్కటీ ఎంత పొందికగా కట్టారో చెబుతూ ఫొటోలు కూడా పంపారు. కొన్నేళ్లుగా ఆమెకు దానితో ఏ ఇబ్బందీ లేదు.

ఈ మధ్య ఒక స్నేహితుడు, ఒక్కో చెవికి రెండు తీగల్లోనూ సిగ్నల్ కదిలే తన బ్యాలెన్స్‌డ్ యాంప్లిఫైయర్‌ను చూపించారు. ఆమె హెడ్‌ఫోన్‌కే నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ తగిలించి వినిపించారు. ముందు మామూలు తీగతో 6.35 మిల్లీమీటర్ల సాకెట్‌లో, తరవాత బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో. రెండోసారి విన్నప్పుడు "మధ్యలో ఉన్న తెర ఎవరో లాగేసినట్టు" అనిపించిందట. ఇంటికి వచ్చి తన యాంప్లిఫైయర్‌లో అదే పాట పెడితే గాయని గొంతు పల్చగా, దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. వాద్యాలు మాత్రం రెండు పక్కలా బాగానే వినిపిస్తున్నాయి. లాప్‌టాప్‌కు కలిపినప్పుడు వెనకాల సన్నగా గుయ్యిమనే హమ్ ఉందని కూడా అప్పుడే గమనించారు. కుర్చీ దాకా తీగ అందదు కాబట్టి మధ్యలో ఒక పాత ఎక్స్‌టెన్షన్ తీగ వాడుతున్నానని ఉత్తరం చివర్లో, ఏదో అప్రధానమైన విషయంలా రాశారు.

ఈ లోపాలన్నీ సింగిల్ ఎండెడ్ డిజైన్ వల్లనే అన్నది స్నేహితుడి అభిప్రాయం. ఆమె బాబాయికి ఫోను చేసి, దీన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చగలరా అని అడిగారు. "అవసరం లేదమ్మా" అని ఆయన ఒక్క మాటతో ఊరుకున్నారు. ఆ తరవాత ఆయన నుంచి ఫోన్లు తగ్గిపోయాయి. ఈలోగా స్నేహితుడు ఇంకో యాంప్లిఫైయర్ కొనుక్కుంటున్నారు. పాతది కావాలంటే తీసుకొమ్మని, నెలాఖరులోగా చెప్పమని అంటున్నారు. తీగ మార్చకుండానే విని చూడవచ్చంటూ, తన బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు ఆమె మామూలు జాక్ తగిలించే అడాప్టర్ ఒకటి ఇచ్చారు. "ఆయన మనసు కష్టపెట్టి అడగనా? కొనేసి ఆయనకు చెప్పకుండా ఉండనా? లేక నా చెవులదే భ్రమా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

మిగతా విషయాలకు ముందు ఆ అడాప్టర్ సంగతి చెప్పాలి. దాన్ని దయచేసి వాడకండి. మీ స్నేహితుడు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ అది ఆయన యాంప్లిఫైయర్‌నే కాల్చేయవచ్చు. మామూలు జాక్‌కు మూడు భాగాలుంటాయి. కొన ఎడమ చెవికి, మధ్య పట్టీ కుడి చెవికి, కింది పొడవాటి భాగం రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో ఉమ్మడి గ్రౌండ్ అంటూ లేదు. ఎడమకు రెండు, కుడికి రెండు, మొత్తం నాలుగు తీగలు. ఆ నాలుగింటి వెనకా యాంప్లిఫైయర్లే ఉంటాయి. అడాప్టర్‌లో మీ జాక్ పెట్టిన క్షణం ఎడమ మైనస్, కుడి మైనస్ ఒకదానికొకటి షార్ట్ అవుతాయి. రెండు యాంప్లిఫైయర్లు ఒకదానిలోకి ఒకటి కరెంటు తోసుకుంటాయి. రక్షణ సర్క్యూట్ ఉంటే అది ఆపుతుంది, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. దీనికి ఎదురు దిశలో పనిచేసే అడాప్టర్, అంటే నాలుగు పిన్నుల తీగ ఉన్న హెడ్‌ఫోన్‌ను మామూలు 6.35 సాకెట్‌లో పెట్టుకునేది, నిరపాయం. అందులో రెండు మైనస్‌లూ గ్రౌండ్‌లో కలుస్తాయి, అక్కడ కలవవలసినవే అవి. చూడటానికి రెండు అడాప్టర్లూ ఒకేలా ఉండటం వల్ల ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులు ఒకే ముడిలో పడ్డాయి. ఒకటి స్నేహితుడి దగ్గర విన్న తేడా, రెండోది ఇంట్లో గొంతు పల్చబడటం, మూడోది హమ్. ఈ మూడింటికీ సింగిల్ ఎండెడ్ అన్న ఒక్క కారణమే చెప్పారు. నేను చదివినంతలో మూడింటికీ మూడు కారణాలున్నాయి, వాటిలో ఏదీ మీ బాబాయి గారి డిజైన్ తప్పుగా కనిపించడం లేదు.

హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే డ్రైవర్‌కు రెండే తీగలుంటాయి. ఆ రెండు తీగల మధ్య వోల్టేజీలో ఉన్న తేడా ఒక్కటే దానికి తెలుసు. సింగిల్ ఎండెడ్‌లో ఒక తీగ గ్రౌండ్ దగ్గర కదలకుండా ఉంటుంది, రెండోది సంగీతానికి తగ్గట్టు పైకీ కిందికీ కదులుతుంది. బ్యాలెన్స్‌డ్ అని అమ్మే హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్లలో రెండు తీగలూ కదులుతాయి, ఒకటి పైకి వెళ్తే రెండోది అంతే కిందికి వెళ్తుంది. పెద్ద రంపాన్ని ఒకే మనిషి కోస్తున్నట్టు మొదటిది, చెరో కొసా పట్టుకుని ఇద్దరు కోస్తున్నట్టు రెండోది. ఇద్దరున్నప్పుడు డ్రైవర్‌కు అందే వోల్టేజీ రెండింతలవుతుంది, అంటే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కరెంటు సరిపడా ఇవ్వగలిగితే పవర్ నాలుగింతలవుతుంది. ఈ ఏర్పాటుతో వచ్చే అసలైన లాభం ఇదే.

ఇప్పుడు స్నేహితుడి దగ్గర ఏం జరిగిందో చూడండి. మొదట 6.35 సాకెట్‌లో విన్నారు, తరవాత తీగ మార్చి బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో విన్నారు. మధ్యలో వాల్యూమ్ నాబ్‌ను ఎవరూ ముట్టుకున్నట్టు మీరు రాయలేదు. అలాగైతే రెండోసారి మీకు చాలావరకు 6 డెసిబెల్స్ ఎక్కువ శబ్దం అంది ఉంటుంది. శబ్దం పెరిగినప్పుడు మన చెవికి కింది స్థాయి బేస్, పై స్థాయి ధ్వనులు మరింత బాగా తెలుస్తాయి. సన్నటి వివరాలు పైకి తేలతాయి, గది పెద్దదైనట్టు ఉంటుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా వినేవారికి అది శబ్దం పెరిగినట్టుగా కాక "నాణ్యత" పెరిగినట్టుగా తోచవచ్చు. అందుకే కొలతలు తీసేవాళ్లు 0.1 డెసిబెల్ దాకా స్థాయిలు సమానం చేశాకనే పోలుస్తారు. మీ చెవులది భ్రమ కాదు. మీరు నిజంగా ఉన్న తేడానే విన్నారు, అది తీగల సంఖ్య వల్ల వచ్చిందని అనుకున్నారు.

ఆ అదనపు వోల్టేజీ మీకు అవసరమా అన్నది లెక్క చూస్తే తేలిపోతుంది. మీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే నిరోధం, 300 ఓములు. 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ శబ్దం చేస్తుందని తయారీదారు చెబుతారు. మీ బాబాయి గారి యాంప్లిఫైయర్ ప్లస్, మైనస్ 12 వోల్టుల మీద సుమారు 7 వోల్టులు ఇవ్వగలదు. అంటే 120 డెసిబెల్స్ వరకు. పెద్దవాళ్లు వారానికి 40 గంటల పాటు వినాలంటే సగటు స్థాయి 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు సగటున 75 దగ్గర వింటున్నారనుకుందాం. పాటలో హఠాత్తుగా వచ్చే ఉచ్చ స్థాయిలకు ఇంకో 20 కలిపినా 95 అవుతుంది. దానికి మీ హెడ్‌ఫోన్‌కు కావలసింది 0.4 వోల్టు. ఆ పెట్టె ఇవ్వగలిగిన 7 వోల్టుల్లో మీరు వాడుకునేది అంతే. దాన్ని 14 చేయడం వల్ల మీ చెవులకు చేరే సంగీతంలో మార్పేమీ ఉండదు.

బ్యాలెన్స్‌డ్‌ను తక్కువ చేయాలని ఇది చెప్పడం లేదు. దాని అవసరం ఉన్నచోట అది చక్కటి ఇంజినీరింగు. హైఫైమ్యాన్ హెచ్‌ఈ 6 అనే ప్లేనార్ హెడ్‌ఫోన్ ఉంది. 50 ఓములు, 1 మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్ మాత్రమే. దానితో 110 డెసిబెల్స్ చేరాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీయాంపియర్లు కావాలి. అదే 110కి మీ హెడ్‌ఫోన్‌కు 17 మిల్లీవాట్లు చాలు. అలాగే జేబులో పట్టే, బ్యాటరీ మీద నడిచే పరికరాల్లో సరఫరా వోల్టేజీ తక్కువ. దాన్ని పెంచకుండానే రెండింతల ఊపు సాధించడానికి రెండు యాంప్లిఫైయర్లను ఇలా జతచేయడం తెలివైన దారి. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్ చిన్న పరికరాల్లో అంతగా వ్యాపించడానికి ఇదొక గట్టి కారణం. బల్ల మీద పెట్టుకునే పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్‌కు చోటుంటుంది కాబట్టి, సరఫరా వోల్టేజీనే పెంచుకోవచ్చు. మీ బాబాయి గారు చేసింది అదే.

మిగతా లాభాలుగా చెప్పేవి కూడా కొంత చూద్దాం, ఎందుకంటే మీ స్నేహితుడు వాటినే చెబుతారు. రెండు భాగాలూ సరిగ్గా సమానంగా ఉంటే సరి సంఖ్య హార్మోనిక్ వక్రీకరణ (అసలు స్వరానికి రెండు, నాలుగు రెట్ల పౌనఃపున్యాల్లో చేరే కల్తీ) పరస్పరం రద్దవుతుంది, ఇది నిజం. కానీ ఫీడ్‌బ్యాక్‌తో నడిచే మంచి సర్క్యూట్‌లో ఆ వక్రీకరణ ముందే చెవికి అందనంత తక్కువగా ఉంటుంది. ఇక నాయిజ్, అంటే సర్క్యూట్ తనంతట తానే పుట్టించే రొద. రెండు భాగాల నాయిజ్ కలిసినప్పుడు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, సిగ్నల్ 6 పెరుగుతుంది. పూర్తి స్థాయిలో వాయిస్తే 3 డెసిబెల్స్ లాభమే. అయితే మీరు నాబ్ తగ్గించి మునుపటి స్థాయిలోనే వింటారు కదా, అప్పుడు వాల్యూమ్ కంట్రోల్ తరవాత పుట్టే నాయిజ్ తగ్గదు, నిజానికి 3 డెసిబెల్స్ ఎక్కువే ఉంటుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెండింతలవుతుంది. ఒక్కో భాగానికి హెడ్‌ఫోన్ సగం ఇంపెడెన్స్ ఉన్నట్టుగా కనిపిస్తుంది. మీ 300 ఓములకు ఇదేమీ ఇబ్బంది కాదు. సున్నితమైన ఇయర్‌ఫోన్లు వాడేవారికి మాత్రం హిస్ (సన్నగా బుస్సుమనే నాయిజ్) వినిపించేది, ఇంపెడెన్స్ వల్ల స్వరం మారేది ఇలాంటి చోటే.

రెండో సంగతికి వద్దాం. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన వాక్యం ఇదే: గాయని గొంతు పల్చబడింది, వాద్యాలు రెండు పక్కలా బాగానే ఉన్నాయి. మూడు తీగల ఏర్పాటులో ఉమ్మడి గ్రౌండ్ తీగకు కొంత నిరోధం ఉంటుంది. ఎడమ డ్రైవర్ కరెంటు దానిగుండా తిరిగి వెళ్లేటప్పుడు ఆ నిరోధం మీద చిన్న వోల్టేజీ ఏర్పడి కుడి డ్రైవర్‌లోకి కారుతుంది. దీన్నే క్రాస్‌టాక్ అంటారు. దీనివల్ల సంగీతం ఇరుకవుతుందని అందరూ అంటారు. నిజానికి అది వ్యతిరేక ధ్రువతతో, పైకి బదులు కిందికి కదులుతూ, కారుతుంది. అంటే రెండు చెవుల్లో సమానంగా ఉన్నదాన్ని, మధ్యలో నిలబడి పాడే గొంతును, అది తగ్గిస్తుంది. పక్కల్లో ఉన్నవాటిని ముట్టుకోదు. గ్రౌండ్ తీగ పూర్తిగా తెగిపోతే గొంతు దాదాపు మాయమై, ఎడమ కుడుల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. వాద్యాలు, ప్రతిధ్వని వినిపిస్తాయి, పాడేవారు ఉండరు. బాగుచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన లక్షణం.

మామూలు పరిస్థితిలో ఈ కారడం ఎంత ఉంటుంది? ఉమ్మడి నిరోధం 0.1 ఓము అనుకుంటే, 32 ఓముల హెడ్‌ఫోన్‌లో అది సిగ్నల్ కంటే 50 డెసిబెల్స్ కింద ఉంటుంది. మీ 300 ఓములకైతే సుమారు 70 డెసిబెల్స్ కింద. చెవికి అందే సంగతి కాదు. మీకు గొంతు పల్చబడటం తెలుస్తోందంటే అక్కడ 0.1 ఓము లేదు, పదుల ఓములు ఉండాలి. అంత నిరోధం సర్క్యూట్‌లో ఉండదు. పాత ఎక్స్‌టెన్షన్ తీగ సాకెట్‌లో ఉంటుంది. లోపలి స్ప్రింగ్ వదులై, లోహం మీద చిలుము పట్టి, జాక్ కింది భాగానికి సరిగా ఆనకపోతే ఇలాగే జరుగుతుంది.

కాబట్టి ఈ సాయంత్రమే ఒక పని చేయండి. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎక్స్‌టెన్షన్ తీసేసి, హెడ్‌ఫోన్‌ను నేరుగా యాంప్లిఫైయర్‌లో పెట్టి అదే పాట వినండి. తరవాత ఎక్స్‌టెన్షన్ మళ్లీ పెట్టి, పాట మోగుతుండగా జాక్‌ను వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. గొంతు ముందుకు వచ్చి వెనక్కి పోతుంటే దొంగ దొరికినట్టే. స్టీరియో రాకముందు మోనోలో రికార్డయిన పాత పాట ఏదైనా పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, పాట మొత్తం తగ్గి పెరుగుతుంది. స్నేహితుడి దగ్గర మీరు విన్నప్పుడు ఈ తీగ మధ్యలో లేదన్నది గుర్తుంచుకోండి. ఇంటికి వచ్చాక మీ పెట్టె నిస్తేజంగా అనిపించడంలో పెద్ద వాటా దీనిదే అని నా అనుమానం.

హమ్ గురించి క్లుప్తంగా చెబుతాను. మీ యాంప్లిఫైయర్ లోహపు పెట్టెకు మెయిన్స్ ఎర్త్ ఉంది. లాప్‌టాప్ ఛార్జర్‌కూ ఎర్త్ ఉంటే, రెండింటినీ ఆడియో తీగతో కలిపినప్పుడు ఒక వలయం ఏర్పడుతుంది. అందులో తిరిగే కరెంటే ఆ గుయ్యిమనే శబ్దం. ఛార్జర్ ఊడదీసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోతే కారణం అదే. దీనికి విరుగుడు హెడ్‌ఫోన్ వైపు లేదు, ఇన్‌పుట్ వైపు ఉంది. ఆప్టికల్ తీగతో డిజిటల్ సిగ్నల్ తీసుకోవడం ఒక దారి. లైన్ స్థాయిలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం ఇంకోటి. ఇన్‌పుట్‌ను డిఫరెన్షియల్‌గా, అంటే రెండు తీగల మధ్య తేడానే తీసుకునేలా, మార్చడం మూడోది. ఈ మూడో దాన్నీ బ్యాలెన్స్‌డ్ అనే అంటారు, కానీ అది పరికరానికీ పరికరానికీ మధ్య నడిచే తీగ సంగతి. స్టూడియోల్లో మైకుల తీగలు దూరాలు దాటి వచ్చేటప్పుడు బయటి రొదను కొట్టేసేది ఆ ఏర్పాటే. హెడ్‌ఫోన్ తీగకు ఆ బాధ లేదు, ఎందుకంటే అది పొట్టిది, దాన్ని నడిపే యాంప్లిఫైయర్ ఇంపెడెన్స్ చాలా తక్కువ. హమ్ పోవాలని ఎవరైనా ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయమంటే మాత్రం వినకండి. అది ప్రాణాన్ని కాపాడే తీగ.

ఇంతవరకు చెప్పినదంతా నా అంచనా. మీరూ మీ బాబాయి గారూ కలిసి కొలిస్తే అది నిజమో కాదో తేలిపోతుంది. ఆయనకు ఫోను చేసి మార్చమని అడగకండి, మార్చవద్దని కూడా చెప్పకండి. "ఎక్స్‌టెన్షన్‌తో గొంతు పల్చబడుతోంది, ఓముల్లో కొలిచి చూద్దామా?" అని అడగండి. "అవసరం లేదమ్మా" అన్న మాటను మీరు కోపంగా విన్నారు. నాకైతే అందులో సాంకేతికమైన జవాబు కనిపిస్తోంది, చాలావరకు సరైన జవాబే. దాన్ని ఆయన వివరించలేదు, మీరు మళ్లీ అడగలేదు. చేతిపనితో బతికినవాళ్లకు తమ పని మీద వచ్చిన ఫిర్యాదు ఎక్కడో లోపల తగులుతుంది. కానీ వాళ్లనే ఒక లోపం వెతకమంటే మల్టీమీటర్ పట్టుకుని ముందు కూర్చుంటారు. ఎక్స్‌టెన్షన్ తీగ ఈ చివర గ్రౌండ్ నుంచి ఆ చివర గ్రౌండ్ వరకు 1 ఓము లోపు చూపించాలి. మీటర్ తీగల నిరోధం ముందు చూసుకుని తీసేయాలని ఆయనకు చెప్పక్కర్లేదు.

రెండు యాంప్లిఫైయర్లను న్యాయంగా పోల్చాలని మీకు ఉంటే, అదీ చేయవచ్చు. నాలుగు పిన్నుల తీగనే ఉంచి, నేను ముందు చెప్పిన నిరపాయమైన అడాప్టర్‌తో దాన్ని బాబాయి గారి పెట్టెకు కలపండి. తీగ మారదు కాబట్టి ఒక సందేహం తగ్గుతుంది. 200 హెర్ట్జ్ స్వరం ఒకటి వాయిస్తూ, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, ఒక డ్రైవర్ రెండు కొసల మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. రెండు పెట్టెల్లోనూ అంకె ఒకటే వచ్చేదాకా నాబ్ సరిచేయండి. 1 శాతం తేడా లోపు తెస్తే 0.1 డెసిబెల్ లోపు వచ్చినట్టే. చేతి మల్టీమీటర్ వాడండి. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను బ్యాలెన్స్‌డ్ మైనస్‌కు తగిలిస్తే అది ఎర్త్‌కు షార్ట్ అవుతుంది. తరవాత ఏ పెట్టె మోగుతోందో మీకు తెలియకుండా ఎవరైనా మారుస్తుంటే, మీరు గుర్తుపట్టాలి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, ఊరికే ఊహించి అంత చెప్పే అవకాశం 4 శాతం కూడా లేదు. అప్పుడు తేడా నిజంగా ఉందని నమ్మవచ్చు. అప్పుడు కూడా ఆ తేడా ఎక్కడిదో వెతకాలి, ఎందుకంటే మీరు పోలుస్తున్నవి రెండు వేర్వేరు పెట్టెలు. ఎదురుగా ఒకరు మారుస్తూ ఒకరు వింటూ కూర్చునే ఈ పనికి మీ బాబాయి గారిని, స్నేహితుణ్ణి ఇద్దరినీ పిలవమంటాను. ఒకరి గురించి ఒకరు మీ ద్వారా వినడం కంటే అది మేలు.

కొలతలు అయ్యాక మీ ముందు కొన్ని దారులుంటాయి. ఎక్స్‌టెన్షన్ మార్చి, హమ్‌కు ఇన్‌పుట్ దగ్గర చికిత్స చేసి, పెట్టెను ఉన్నదున్నట్టుగా ఉంచుకోవచ్చు. నాకు దీని మీదే మొగ్గు ఎక్కువ. నష్టం ఏమిటంటే, స్నేహితుడి పెట్టె మీద ఒక కోరిక లోపల మిగిలిపోవచ్చు. పరీక్ష చేసి చూసుకోకపోతే అది మిగిలే తీరుతుంది. అందుకే పరీక్ష గురించి అంత వివరంగా రాశాను.

రెండో దారి మధ్యరకం. నాలుగు పిన్నుల సాకెట్ ఒకటి పెట్టించుకుని, రెండు మైనస్ తీగలనూ విడివిడిగా సరఫరా గ్రౌండ్ కేంద్రం దాకా తీసుకువెళ్లడం. సర్క్యూట్ సింగిల్ ఎండెడ్‌గానే ఉంటుంది, తిరుగు దారులు మాత్రం వేరవుతాయి. ఏ కనెక్టర్ వదులైనా ఆ చెవి ఒక్కటే తగ్గుతుంది తప్ప గొంతులు మాయం కావు. ఒక పూటలో అయ్యే సోల్డరింగ్ పని. మీకు వినిపించే తేడా మాత్రం పెద్దగా ఉంటుందని నేను అనుకోను.

మూడోది నిజంగా బ్యాలెన్స్‌డ్‌గా మార్చడం. ఇది మార్పు అనేకన్నా కొత్త యాంప్లిఫైయర్ అనాలి. ఇంకో రెండు చానెళ్లు, ధ్రువత తిప్పే దశ, పెద్ద సరఫరా, ఎక్కువ వేడి, అంత పెద్ద పెట్టె. వాల్యూమ్ కంట్రోల్‌ను ధ్రువత తిప్పే దశకు ముందే పెడితే రెండు గ్యాంగుల పొటెన్షియోమీటర్ (ఒకే నాబ్‌తో రెండు చానెళ్లను తగ్గించి పెంచేది) చాలు. తరవాత పెడితే నాలుగు గ్యాంగులు కావాలి, అవి నాలుగూ సమానంగా నడవాలి. అది కష్టం, సమానంగా నడవకపోతే బ్యాలెన్స్‌డ్ లాభాలే పోతాయి. పాత 6.35 సాకెట్ ఒక్క భాగం నుంచే వెళ్లాలి. మీ హెడ్‌ఫోన్‌కు ఇది అక్కర్లేదని లెక్కలు చెబుతున్నాయి. అయితే రేపు హెచ్‌ఈ 6 లాంటిది కొనే ఆలోచన ఉంటే, బాబాయి గారికి ఈ పని మీద ఇష్టం ఉంటే, అది వేరే సంగతి. పాతదాన్ని విప్పమనకుండా, పక్కన కొత్తది కడదామని అడగండి. వాటి మధ్య ఆయనకు చాలా తేడా ఉంటుంది.

నాలుగోది స్నేహితుడి పెట్టె కొనడం. అది మంచి పెట్టె అయివుండవచ్చు. కొంటే దాచకండి. ఇంటికి వచ్చే మనిషికి బల్ల మీద ఉన్నది కనిపిస్తుంది, దాచినందుకు పడే బాధ కొన్నందుకు పడే దానికంటే ఎక్కువ. మీ స్నేహితుడు చెప్పిన నెలాఖరు గడువు ఆయన సౌకర్యం కోసం పెట్టుకున్నది. కొలతలు అయ్యేదాకా ఆగమని అడగండి, ఆగలేనంటే వేరే ఎవరికైనా అమ్ముకోనివ్వండి. అలాంటి యాంప్లిఫైయర్లు మళ్లీ దొరుకుతాయి. అన్నట్టు, ఆ అడాప్టర్ తిరిగి ఇచ్చేటప్పుడు అది ఎందుకు ప్రమాదమో ఆయనకు చెప్పండి. ఆ పెట్టెను తీసుకునేది మీరు కాకపోతే, ఇంకెవరైనా దాన్ని వాడబోవచ్చు.